రిజిస్టరుకు పూచీ ఎవరు?

బాపట్లకూ చీరాలకూ మధ్య, రైలు మార్గాన్ని ఆనుకుని స్టూవర్టుపురం ఉంది. 1991లో ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఆ ఊరి మనిషి కథ అంటూ ఇంకొకటి వచ్చింది. తెర మీద చూపిన ఊరు వేరు, కాగితం మీద పుట్టిన ఊరు వేరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసింది. ఆ చట్టం కింద నమోదైన ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచి కనిపెట్టి ఉండడానికి 1913లో ఈ సెటిల్‌మెంటును ఏర్పాటు చేసి సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు.

ఎరుకలవాళ్లు అంతకుముందు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరానికీ మెట్ట ప్రాంతాలకూ మధ్య తిరిగిన వర్తకులు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించాక ఆ బతుకుతెరువు పోయిందని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా రాశారు. తిరుగుతూ బతికేవాళ్లను ప్రభుత్వం ఒక పుస్తకంలోకి ఎక్కించింది. పేరు ఎక్కిన మనిషి వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. నమోదు తప్పని కోర్టుకు వెళ్లే దారిని చట్టమే మూసేసింది. రాసే చేయి, చూసే కన్ను, కొట్టేసే అధికారం మూడూ ఒకవైపే ఉన్నాయి. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయ్యింది. మచ్చ మాత్రం వెంటనే పోలేదు. అది పోవడానికి 1970లలో సంఘసంస్కర్తలు హేమలత, లవణం దంపతులు ఇల్లిల్లూ తిరిగి పనిచేయాల్సి వచ్చింది.

సంస్థల్లో ఐటీ విభాగాన్ని ఎవరు నడపాలి, ఎలా నడపాలి అన్న చర్చను సమీక్షించడానికి కూర్చుని ఈ ఊరితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ రోజు ప్రతి సంస్థ రిజిస్టర్లూ ఐటీ విభాగం చేతిలోనే ఉన్నాయి. జీతాల పట్టిక, హాజరు, బాకీలు, మార్కులు, రోగి కేసు షీటు, సరుకు లెక్క అన్నీ అక్కడే. ఎవరు రాయవచ్చు, ఎవరు చూడవచ్చు, తప్పు పడితే ఎవరు దిద్దవచ్చు అన్నది అక్కడ ఇచ్చే లాగిన్ మీద ఆధారపడి ఉంది. ఐటీ సారథ్యం మీద వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం యంత్రాల గురించీ బడ్జెట్ల గురించీ మాట్లాడతాయి. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒకటే: ఐటీ విభాగాధిపతి మొదటి పని రిజిస్టరుకు పూచీ పడడం. మిగతా పనులన్నీ దాని వెనక నడుస్తాయి.

ముందు పాత వాదాన్ని చూద్దాం. 2003 మే నెలలో నికొలస్ కార్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. కరెంటు, రైలు ఒకప్పుడు కొందరికే అందుబాటులో ఉండి లాభం తెచ్చిపెట్టాయి, అందరికీ అందాక ఎవరికీ ప్రత్యేక లాభం ఇవ్వలేదు, ఐటీ గతి కూడా అంతే అన్నాడు. కాబట్టి ఖర్చు తగ్గించుకోండి, కొత్తదాని వెంట పరిగెత్తకండి, ముప్పు మీద దృష్టి పెట్టండి అన్నది ఆయన సలహా. పరిశ్రమ పెద్దలు మండిపడ్డారు. అవతలి వైపు పీటర్ వీల్, జీన్ రాస్ లాంటి పరిశోధకులు ఐటీ నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో ముందే తేల్చుకున్న సంస్థలే దాని నుంచి లాభం పొందుతాయని వాదించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే యంత్రాల విషయంలో కార్ మాటే నిజమైంది. సర్వర్లను ఇప్పుడు కరెంటులాగే నెలకింతని అద్దెకు తెచ్చుకుంటున్నాం. తెనాలిలో ఒక నర్సింగ్ హోమ్, ముంబయిలో ఒక పెద్ద బ్యాంకు ఒకే క్లౌడ్ మీద నడవవచ్చు. అయితే పూచీ అద్దెకు దొరకదు. క్లౌడ్ కంపెనీ యంత్రాన్ని నడుపుతుంది. ఎవరి పేరు మీద ఏ అంకె ఉండాలో అది చెప్పదు.

ఈ తేడా పట్టించుకోని సంస్థలు ఐటీని ఖర్చు పద్దుల కిందకు నెడతాయి. విభాగాధిపతి ఆర్థికాధికారి కింద పనిచేస్తాడు. మార్చి నెలలో బడ్జెట్ కోతకు మొదట వచ్చేది అతని పద్దే. సర్వర్ పాతబడిందని అతను రాసిన నోటు ఫైల్లో ఉండిపోతుంది. ఇలాంటి అమరిక తప్పని నా అభిప్రాయం. లెక్కలు రాసే విభాగం కింద లెక్కల పుస్తకాన్ని కాపాడేవాడు ఉండకూడదు. అతను నేరుగా సంస్థ అధిపతికి జవాబు చెప్పాలి. ఇది హోదా కోసం చెప్పే మాట అనుకునేవాళ్లు సత్యం కంప్యూటర్స్ కథను మళ్లీ చదవాలి.

2009 జనవరి 7న కంపెనీ లెక్కలు తప్పుగా చూపానని ఒప్పుకుంటూ సత్యం వ్యవస్థాపకుడు రామలింగరాజు రాసిన లేఖ హైదరాబాదును కుదిపేసింది. ఆ కుంభకోణాన్ని మనం ఎక్కువగా భూముల కథగా, ఆడిటర్ల కథగా గుర్తు పెట్టుకున్నాం. దానిలో ఒక ఐటీ కథ ఉంది, అది ఇప్పటికీ తగినంతగా చర్చకు రాలేదు. సీబీఐ దర్యాప్తు ప్రకారం కంపెనీ సొంత ఇన్‌వాయిస్ వ్యవస్థలోకి 7,561 నకిలీ బిల్లులు ఎక్కాయి. వాటిని సూపర్ యూజర్ లాగిన్‌తో ఎక్కించి, పనిచేసే విభాగాలకు కనబడకుండా దాచారు. ఆదాయం లెక్కల్లో ఆ బిల్లులు ఉన్నాయి. ఏ ప్రాజెక్టు పేరున అవి పుట్టాయో ఆ ప్రాజెక్టు మనుషులకు తెరమీద మాత్రం అవి కనబడలేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజునూ మరో తొమ్మిది మందినీ దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. అప్పీళ్లు పైకోర్టుకు వెళ్లాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రపంచంలోని పెద్ద కంపెనీలకు కంప్యూటర్ వ్యవస్థలు కట్టి ఇచ్చిన సంస్థ అది. సాంకేతిక నైపుణ్యానికి కొదవ లేదు. లేనిదల్లా సూపర్ యూజర్ ఏం చేస్తున్నాడో చూసే రెండో కన్ను. అధికారం ఉన్నవాడు రాసిన ప్రతి గీతా అతను చెరపలేని చోట నమోదవ్వాలి, దాన్ని అతని కింద పనిచేయని మనిషి చదవాలి. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే, ఆ బిల్లులు ఆపడం సాధ్యం కాకపోయినా దాచడం ఇంకా కష్టమై ఉండేదని నేను నమ్ముతాను. మన చిన్న సంస్థల్లో పరిస్థితి ఏమిటి? ఒకటే అడ్మిన్ పాస్‌వర్డు. యజమానికి, అకౌంటెంటుకు, సాఫ్ట్‌వేర్ అమ్మిన కుర్రాడికి, ఉద్యోగం మానేసి వెళ్లిన మనిషికి కూడా అదే తెలుసు. డబ్బు తేడా వచ్చిన రోజున ఎవరు దిద్దారో చెప్పగలిగే ఆధారం మిగలదు. నిరపరాధి మీద నింద పడడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఈ మధ్య కాలంలో గట్టిగా వ్యవహరించింది. 2020 నవంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ప్రధాన డేటా సెంటర్లో కరెంటు పోయి సేవలు నిలిచిపోయాయి. అంతకుముందూ అలాంటి అంతరాయాలు ఉన్నాయి. డిసెంబరులో కొత్త క్రెడిట్ కార్డులు, కొత్త డిజిటల్ పథకాలు ఆపమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆంక్షలు పూర్తిగా తొలగడానికి 2022 మార్చి దాకా పట్టింది. 2024 ఏప్రిల్ 24న కోటక్ మహీంద్రా బ్యాంకు మీద అలాంటి ఆదేశమే వచ్చింది. ఆ ఆదేశంలో చెప్పిన లోపాలను ఐటీ విభాగంలో పనిచేసేవాళ్లందరూ చదవాలి. సంస్థకు ఏయే యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో లెక్క సరిగా లేకపోవడం. ప్యాచ్‌లు, మార్పులు పద్ధతిగా జరగకపోవడం. ఎవరికి ఏ లాగిన్ ఉందో అదుపు లేకపోవడం. బయటి కంపెనీల మీద నిఘా లేకపోవడం. డేటా కారిపోకుండా ఏర్పాట్లు చాలకపోవడం. విపత్తు వస్తే తిరిగి లేచే సాధన లేకపోవడం. ఇందులో కృత్రిమ మేధ లేదు, బ్లాక్‌చైన్ లేదు. అన్నీ ఇల్లు సర్దుకునే పనులే. వరసగా రెండేళ్లు తనిఖీల్లో ఇవే బయటపడ్డాయని రిజర్వు బ్యాంకు చెప్పింది.

2023 నవంబరు 7న రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలుకు తెచ్చిన ఐటీ పాలన ఆదేశాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఒక నియమం. సమాచార భద్రతాధికారి ఐటీ విభాగాధిపతి కింద పనిచేయకూడదు. అతనికి వ్యాపార లక్ష్యాలు పెట్టకూడదు. తాళం వేసేవాడు వేరు, తాళం పడిందో లేదో చూసేవాడు వేరు అన్న బుద్ధి అది. ఐటీల్, కోబిట్ లాంటి పద్ధతుల గ్రంథాలు దశాబ్దాలుగా ఈ మాట చెబుతూనే ఉన్నాయి. వాటిని అమలు చేశామని సర్టిఫికెట్లు గోడకు తగిలించుకున్న సంస్థలు చాలా ఉన్నాయి. గ్రంథం కొనుక్కోవడం తేలిక. టికెట్ నంబరు లేనిదే ఎండీ గారి లాప్‌టాప్‌లో కూడా మార్పు చేయనని చెప్పగల విభాగాధిపతి దొరకడం కష్టం. అతన్ని ఆ మాటకు శిక్షించని ఎండీ దొరకడం ఇంకా కష్టం.

మార్పు గురించి వేరుగా మాట్లాడుకోవాలి. ఐటీ విభాగం కీర్తి, అపకీర్తి రెండూ మార్పు రోజునే తేలతాయి. 2024 జూలై 19న ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటా ఒకేసారి వదిలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఆలోపే 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు, దాని ఫోటో ప్రపంచమంతా తిరిగింది. చాలామంది దాన్ని చూసి నవ్వారు. నాకు ఆ సిబ్బంది మీద గౌరవం కలిగింది. యంత్రం ఆగినా పని ఆగకుండా ఎలా చేయాలో వాళ్లకు తెలుసు. మన ఆసుపత్రుల్లో, పాల కేంద్రాల్లో, కాలేజీ పరీక్షల విభాగాల్లో అలాంటి కాగితం పద్ధతి రాసి పెట్టుకున్నవాళ్లు ఎందరు?

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు కథ మరీ పాఠం లాంటిది. 2018 ఏప్రిల్‌లో ఒక శని, ఆదివారాల్లో 52 లక్షల మంది ఖాతాదారుల వివరాలను పాత వ్యవస్థ నుంచి కొత్తదానిలోకి ఒకేసారి మార్చారు. సోమవారం తెల్లవారేసరికి లక్షలమంది తమ ఖాతాలోకి తాము వెళ్లలేకపోయారు. అంతా కుదుటపడడానికి ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. నియంత్రణ సంస్థలు బ్యాంకుకు దాదాపు 4 కోట్ల 87 లక్షల పౌండ్ల జరిమానా వేశాయి. అంతటితో ఊరుకోలేదు. 2023 ఏప్రిల్‌లో అప్పటి ఐటీ విభాగాధిపతికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. కొత్త వ్యవస్థ కట్టిన కంపెనీ సిద్ధంగా ఉందా లేదా అన్నది తాను తగినంతగా నిర్ధారించుకోలేదన్నది అతని మీద తేలిన తప్పు. వెండర్ చెప్పాడు కాబట్టి నమ్మాను అన్న మాట ఇక చెల్లదన్న సంగతి ఆ జరిమానా చాటింది. మన దేశంలో కూడా అలాంటి వ్యక్తిగత బాధ్యత రావాలని నేను కోరుకుంటాను. అయితే అధికారం ఇవ్వకుండా బాధ్యత మోపడం అన్యాయం. ఆ రెండూ కలిసి రావాలి.

మన దగ్గర అదే కాలంలో జరిగిన పెద్ద మార్పు ఆంధ్రా బ్యాంకుది. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అప్పటికి వారం కిందటే దేశమంతా లాక్‌డౌన్ పడింది. ఐటీ సిబ్బంది బ్రాంచీలను విడతల వారీగా కొత్త వ్యవస్థలోకి మార్చి 2021 మొదట్లో పూర్తి చేశారు. పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లకు 2021 మార్చి 31 దాకా గడువు ఇచ్చారు. కొంతకాలం పాత కోడూ కొత్త కోడూ పక్కపక్కన పనిచేశాయి. ఊరి మీద ఉన్న అభిమానంతో ఆంధ్రా బ్యాంకు పేరు పోయిందని బాధపడ్డవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆ బాధ పక్కనబెట్టి చూస్తే, విడతలుగా మార్చడం, పాత దారిని వెంటనే మూసేయకపోవడం అన్న రెండు నిర్ణయాల విలువ తెలుస్తుంది.

ఇంకా పాత ఉదాహరణ, నా దృష్టిలో తెలుగు నేల మీద ఐటీ సారథ్యానికి మేలైన ఉదాహరణ, కార్డ్. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో కంప్యూటర్ రిజిస్ట్రేషన్ ఒకేసారి మొదలైంది. దాన్ని తలపెట్టి నడిపించినవారు జె. సత్యనారాయణ అనే ఐఏఎస్ అధికారి. తర్వాత ఆయన ఆధార్ సంస్థకు ఛైర్మన్ అయ్యారు. అంతకుముందు దస్తావేజును చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమాస్తా ఏళ్ల తరబడి ఇండెక్స్ పుస్తకాలు తిరగేయాలి, దానికి రోజులు పట్టేవి. ఆ రోజుల్లో చేతులు మారే డబ్బు గురించి ఇంటి స్థలం కొన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. కార్డ్ వచ్చాక ఈసీ నిమిషాల్లో చేతికి వచ్చింది.

ఆ విజయంలో సాఫ్ట్‌వేర్ వాటా చిన్నదే. అసలు కష్టం వేరే చోట పడింది. పాత పదిహేనేళ్ల లావాదేవీల ఇండెక్సును ముందుగా కంప్యూటర్లోకి ఎక్కించారు. అది లేకుండా ప్రారంభించి ఉంటే కొత్త యంత్రం పక్కన పాత పుస్తకం, పాత గుమాస్తా, పాత పద్ధతి అలాగే ఉండిపోయేవి. శాఖ సొంత ఉద్యోగులకు శిక్షణ ఇచ్చి వాళ్లచేతే నడిపించారు. స్టాంపు, ఫీజు లెక్కలు యంత్రమే కట్టి అందరికీ కనబడేలా చూపింది. రిజిస్టరు ఎవరిదో, ఎవరు దాన్ని రాస్తారో, పౌరుడు దాన్ని ఎలా చూడగలడో తేల్చాకే యంత్రాన్ని తెచ్చారు. ఈ వరస చాలామంది విభాగాధిపతులు తలకిందులు చేస్తారు. ముందు ఈఆర్‌పీ కొంటారు, తర్వాత కన్సల్టెంటును పిలుస్తారు, చివర్లో స్టోర్ కీపర్‌ను అడుగుతారు. స్టోర్ కీపర్ పాత నోటుపుస్తకం దాచుకుంటాడు. రెండేళ్ల తర్వాత కూడా నిజమైన నిల్వ ఆ నోటుపుస్తకంలోనే ఉంటుంది.

చూపడం ఒక ఎత్తు అయితే దిద్దడం ఇంకొక ఎత్తు. తెలంగాణలో 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్ రిజిస్ట్రేషన్‌నూ మ్యుటేషన్‌నూ ఒకేరోజు చేసిపెట్టింది. ఆ వేగం మెచ్చదగింది. కానీ రికార్డు తప్పు పడితే దిద్దించుకునే దారి ఇరుకైపోయింది. 2020 చట్టంలో అప్పీలు అంచెలే లేవు. తప్పు పడిన రైతు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. విస్తీర్ణం తగ్గినవాళ్లు, పేరు తప్పు పడినవాళ్లు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో కనబడినవాళ్లు కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. దిద్దుబాటు మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా తర్వాత చేర్చారు. 2025 ఏప్రిల్‌లో భూభారతి దాని స్థానంలో వచ్చింది, అప్పీలు మళ్లీ వచ్చింది. వేగంగా రాసే యంత్రం తప్పును కూడా వేగంగానే రాస్తుంది. దిద్దుబాటు దారిని మొదటి రోజే కట్టని ఐటీ విభాగాధిపతి ఎంత ప్రతిభావంతుడైనా తన పని సగమే చేసినట్టు.

ఇక బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు వస్తాను. ఇక్కడ సంస్థలు చిన్నవి. రైసు మిల్లులు, శీతల గిడ్డంగులు, ఆసుపత్రులు, ఇంజినీరింగ్ కాలేజీలు, పాల సంఘాలు, రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల వ్యాపారం. పెద్ద కంపెనీల ఐటీ పాఠాలు మాకెందుకు అని ఇక్కడి యజమానులు అనుకోవచ్చు. రొయ్యల సంగతే చూడండి. ఏ చెరువు సరుకు ఏ పెట్టెలోకి వెళ్లిందో, ఏ పరీక్షలో ఏం తేలిందో చూపలేని ఎగుమతిదారుకు ఐరోపా కొనుగోలుదారు ముందు నిలబడే శక్తి లేదు. ఆ రికార్డు పోతే సరుకు ఉన్నా బేరం పోతుంది. ఆసుపత్రిలో రక్తపు గ్రూపు తప్పు పడితే పోయేది బేరం కాదు.

సహకార సంఘాల్లో ఈ మార్పు ఇప్పుడు మన కళ్ల ముందు జరుగుతోంది. దేశంలో 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను 2,516 కోట్ల రూపాయలతో కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022 జూన్‌లో ఆమోదం ఇచ్చింది. అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్. పాత లెడ్జర్లలోని రైతు బాకీలు అందులోకి ఎక్కాలి. చాలా సంఘాల్లో ఒక కార్యదర్శి, ఒకరిద్దరు గుమాస్తాలు తప్ప వేరే మనుషులు ఉండరు. అంటే ఐటీ విభాగాధిపతి కూడా కార్యదర్శే. పాత లెడ్జరులో ఉన్న అంకెను యంత్రంలోకి ఎక్కించిన రోజున ఆ రైతును పిలిచి, అచ్చు తీసిన కాగితం చదివి వినిపించి, సంతకం తీసుకుంటే తర్వాత రాబోయే తగాదాల్లో సగం తగ్గుతాయి. దీనికి సాఫ్ట్‌వేర్ పరిజ్ఞానం అక్కర్లేదు.

ఈ తీరానికి ఇంకొక నిజం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనను రేపల్లె, బాపట్ల మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను అంటే మనం పంట గురించి, పడవల గురించి ఆలోచిస్తాం. సర్వరు గురించి ఆలోచించం. కింది అంతస్తులో మెట్ల కింద గదిలో సర్వరు, దాని పక్క టేబుల్ మీదే బ్యాకప్ హార్డ్ డిస్కు పెట్టుకున్న సంస్థలు ఈ పట్టణాల్లో ఎన్నో ఉన్నాయి. నీళ్లు వస్తే రెండూ కలిసే పోతాయి. బ్యాకప్ ఇంకో ఊళ్లో ఉండాలి, అది కూడా సముద్రానికి దూరమైన ఊళ్లో. కరెంటు రెండు రోజులు రాకపోతే జనరేటరుకు డీజిలు ఎవరు తెస్తారో రాసి పెట్టుకోవాలి.

నీళ్లే రానక్కర్లేదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వ్యవస్థల్లోకి డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్ వచ్చింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో అలాంటి దాడి జరిగితే దేశంలోని ప్రముఖ ఆసుపత్రి రెండు వారాల పాటు చేతిరాత మీద నడిచింది. నెట్‌వర్కును గదులు గదులుగా విడదీయకపోవడం అందుకు కారణమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఇలాంటి సంఘటన జరిగితే ఆరు గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. చిన్న సంస్థలకు కూడా ఆ ఆదేశం వర్తిస్తుందన్న సంగతి చాలామంది యజమానులకు చేరనేలేదు. బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. దాన్నుంచి ఎప్పుడైనా డేటా తిరిగి తెచ్చి చూశారా అని అడగాలి. తిరిగి రాని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

ఈ పనులన్నీ చేసేది ఎవరు? మన పట్టణాల్లో ఆ మనిషిని కంప్యూటర్ అబ్బాయి అంటారు. ప్రింటరు కాగితం ఇరుక్కున్నా అతనే, సీసీ కెమెరా ఆగినా అతనే, ఆడిటర్ వచ్చి పాత లెక్క అడిగినా అతనే. గుమాస్తా జీతం, రాత్రి పదింటికి ఫోన్లు. ఇంజినీరింగ్ చదివిన ఈ ప్రాంతపు పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లి ఎక్కడో అమెరికా బ్యాంకు వ్యవస్థను కాపాడుతున్నారు. బాపట్లలో 1981 నుంచీ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అయినా వెళ్లకుండా ఊళ్లో ఉండిపోయిన ఆ ఒక్కడికి మనం ఇచ్చే గౌరవం ఇంతే. అతను మానేసిన రోజున పాస్‌వర్డులు అతని తలలోనే వెళ్లిపోతాయి. తప్పు అతనిది కాదు. రాసి పెట్టమని అడిగినవాడు లేడు, రాయడానికి అతనికి సమయం ఇచ్చినవాడూ లేడు.

పెద్ద సంస్థల్లో మనుషుల సమస్య వేరే రూపంలో ఉంటుంది. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి ఇంకా మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. యాభై ఏళ్లు గడిచినా మన కంపెనీల్లో గడువు తప్పిన ప్రాజెక్టుకు మొదటి మందు ఇంకో పదిమందే. మంచి విభాగాధిపతి కొత్త పని తగ్గిస్తాడు. రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి మర్నాడు ఇంటికి పంపుతాడు. పొరపాటు జరిగితే ఎవరు చేశారన్న దానికంటే ఏ అమరిక వల్ల అది సాధ్యమైందని అడుగుతాడు. నింద మోపే చోట జనం పొరపాట్లు దాస్తారు, దాచిన పొరపాటు పెరుగుతుంది. ఈ మాట, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ నడిపేవాళ్లూ కలిసి పనిచేయాలనే డెవాప్స్ ఉద్యమం తెచ్చిన వాటిలో నాకు బాగా నచ్చినది. మిగతాది చాలావరకు పనిముట్ల పేర్ల జాబితా, దాని మీద ఇక్కడ ఎక్కువ మాట్లాడను.

చివరగా, రిజిస్టరులో ఏం రాయాలన్న ప్రశ్న. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, అమలు దశలవారీగా జరుగుతోంది. ఆ చట్టం, తన గురించిన వివరం తప్పయితే దిద్దమని, అక్కర తీరితే చెరిపేయమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. భద్రత ఏర్పాట్లలో విఫలమైన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా ఉంది. అంతకన్నా పెద్ద విషయం 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టులో జరిగింది. సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో జైళ్లలో కులం చూసి పనులు పంచే నిబంధనలను కోర్టు కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయమని ఆదేశించింది. విముక్త జాతుల వాళ్లను, అంటే ఒకప్పుడు నేరస్థ తెగల చట్టం కింద నమోదైనవాళ్లను, పుట్టుకతో నేరస్థులుగా చూసే ధోరణిని గట్టిగా తప్పుపట్టింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఒక పట్టికలోని ఒక గడి గురించి ఆదేశం ఇచ్చిందంటే, ఆ గడి వెనక ఎంతమంది జీవితాలు నలిగాయో ఊహించవచ్చు.

ఈ ఆదేశం జైళ్లకే అనుకుని కంపెనీలు ఊరుకోకూడదు. ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులను ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వడపోస్తోంది. అప్పు ఇవ్వాలో లేదో పిన్ కోడు, చిరునామా, పాత బాకీల లెక్కతో యంత్రమే తేల్చే పద్ధతి వచ్చింది. ఊరి పేరు చూసి మనిషిని తూచే అలవాటు సమాజంలో ఉంటే, ఆ సమాజపు పాత నిర్ణయాల మీద శిక్షణ పొందిన యంత్రానికి కూడా అదే అలవాటు వస్తుంది. స్టూవర్టుపురం నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయి దరఖాస్తును ఏ గడి ఆధారంగా పక్కకు పెట్టారో మానవ వనరుల విభాగానికి తెలియకపోవచ్చు. ఐటీ విభాగాధిపతికి తెలియాలి. ఆ వడపోత అతని సర్వరు మీద నడుస్తోంది, దాని తర్కాన్ని తెరిచి చూడమని వెండర్‌ను అడిగే అధికారం అతనికే ఉంది. అడగకపోతే పాత రిజిస్టరును కొత్త యంత్రంలో నడిపించినవాడు అతనే అవుతాడు.

హైదరాబాదులోని కంపెనీల ఐటీ అధిపతుల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు నా విన్నపం ఇది. మీ ఉద్యోగ వడపోతల నుంచి, అప్పుల లెక్కల నుంచి పుట్టిన ఊరు, శాశ్వత చిరునామా గడులను తీసేయించండి. తీసేశామని మీ డైరెక్టర్ల బోర్డుకు లిఖితంగా చెప్పండి. తెనాలి, బాపట్ల, రేపల్లెలో సంస్థలు నడిపే యజమానులకు ఇంకో విన్నపం. మీ కంప్యూటర్ అబ్బాయికి హోదా ఇవ్వండి, జీతం పెంచండి, అతన్ని నేరుగా మీతో మాట్లాడనివ్వండి. ఉమ్మడి అడ్మిన్ పాస్‌వర్డును ఈ వారమే మార్చి, మనిషికో లాగిన్ ఇవ్వండి. అక్టోబరు తుపానులు మొదలయ్యేలోపు ఒక ఆదివారం సర్వరు ఆపేసి, బయటి ఊరి బ్యాకప్ నుంచి మీ లెక్కలన్నీ తిరిగి తెచ్చి చూడండి. ఆ పనికి ఎన్ని గంటలు పట్టిందో, ఏది రాలేదో కాగితం మీద రాసి, కింద మీరూ అతనూ ఇద్దరూ సంతకం పెట్టండి.